సైన్యంలో స్వలింగ ప్రేమికులు: చట్టంలో ‘అసహజం’ అనే మాట ఇంకా అవసరమా?

గోదావరి గట్టు | ఆదివారం, రాత్రి 9.12

ఇంటర్ పిల్లలకు పౌరశాస్త్రం చెబుతాను. పోయిన వారం ప్రాథమిక హక్కుల పాఠం నడుస్తుండగా ఒక అమ్మాయి లేచి అడిగింది: “377 సెక్షన్ పోయింది కదా సార్, సైన్యానికి కూడా పోయినట్టేనా?” పోయినట్టే అన్నాను. ఇంటికి వచ్చి చట్టం తీసి చూస్తే నేను చెప్పింది సగం తప్పని తేలింది. మర్నాడు క్లాసులో సరిదిద్దాను గానీ ఆ ప్రశ్న నన్ను వదలలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

సంగతి ఇది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఇష్టపడి కలిసిన ఇద్దరు పెద్దవాళ్ల విషయంలో 377 చెల్లదని తీర్పు ఇచ్చింది. బ్రిటిష్ వాళ్లు 1860లో రాసిన శిక్షాస్మృతిలో, స్వలింగ సంబంధాలను నేరం చేసిన సెక్షన్ అది. 2024 జూలైలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దాని ఊసే లేదు. కానీ 1950 నాటి సైనిక చట్టం అలాగే ఉంది. దాని 46వ సెక్షన్ ప్రకారం ‘క్రూరమైన, అసభ్యమైన లేదా అసహజమైన’ అవమానకర ప్రవర్తనకు కోర్ట్ మార్షల్, అంటే సైనిక న్యాయస్థానం, ఏడేళ్ల వరకు జైలు వేయవచ్చు. జబ్బు నటించి డ్యూటీ ఎగ్గొట్టేవాడిని శిక్షించేది కూడా ఆ సెక్షనే. హోదాకు తగని ప్రవర్తనకు 45వ సెక్షన్ వేరే ఉంది. స్వలింగ ప్రేమికులు సైన్యంలో ఉండరాదని ఈ రెండింటిలో ఎక్కడా లేదు. ఉన్నదల్లా ‘అసహజం’ అనే ఒక్క మాట. దానికి అర్థం చెప్పేది ఆ రోజు కుర్చీలో కూర్చున్న అధికారి.

2019 జనవరిలో అప్పటి సైన్యాధిపతి జనరల్ బిపిన్ రావత్‌ను విలేకరులు ఇదే అడిగారు. తమది సంప్రదాయాన్ని పాటించే సంస్థ అని, ఇటువంటివి సైన్యంలో అనుమతించబోమని, సైనిక చట్టం కిందే చర్య తీసుకుంటామని ఆయన చెప్పారు. సైన్యం దేశ చట్టానికి అతీతం కాదని కూడా ఆ సమావేశంలోనే అన్నారు. ఈ రెండు మాటలూ ఒకే ఒరలో ఎలా ఇముడుతాయో నాకు అర్థం కాలేదు.

నా వాదన సూటిగా చెబుతాను. బలవంతం చేసినవాడిని శిక్షించండి. హోదా అడ్డం పెట్టుకుని కిందివాడిని వేధించినవాడిని ఇంకా గట్టిగా శిక్షించండి, వాడు ఎవరిని కోరుకునేవాడైనా సరే. కానీ ఒక సైనికుడు ఎవరిని ప్రేమిస్తాడన్నది నేరం కాకూడదు. ఆ ఒక్క మాట చట్టం నుంచి పోవాలి.

ఇంకో విషయం. పత్రికలు ‘స్వలింగ సంపర్కులు’ అని రాస్తాయి. నిండు మనిషిని పడకగదికి కుదించే మాట అది. నేను ఆ మాట వాడను.

మాజీ సుబేదార్ | ఆదివారం, రాత్రి 10.40

మాస్టారూ, నమస్కారం. ఫిరంగి దళంలో 26 ఏళ్లు చేశాను. మాది మిలటరీ మాధవరానికి దగ్గరి ఊరు. మా వైపు తాతల కాలం నుంచి రైలెక్కి పల్టన్‌కు పోవడం అలవాటు. మీరు చట్టం చదివారు, నేను బ్యారక్ చూశాను. అందుకని కాస్త ఓపికగా వినండి.

బ్యారక్ అంటే ఒక పొడుగాటి గది. అటూ ఇటూ ఇనుప మంచాలు, కాళ్ల దగ్గర నల్లపెట్టెలు. స్నానానికి వరుసగా కొళాయిలు, మధ్యలో గోడలు ఉండవు. అదైనా నయం. సియాచిన్ వైపు ఒక పరిశీలన పోస్టులో నేను మూడు నెలలు ఉన్నాను. అక్కడ నలుగురికి ఒక్కటే గుడారం లాంటి గూడు. ఒకడి కాలివేళ్లు మొద్దుబారితే ఇంకొకడు తన చొక్కా గుండీలు విప్పి ఆ పాదాలను పొట్టకు ఆనించుకుని వెచ్చచేస్తాడు. గంట సేపు, ఒక్కోసారి రెండు గంటలు. తల్లి కూడా అంత చేయదు. అక్కడ స్పర్శకు ఇంకో అర్థం ఉండవచ్చు అనే అనుమానం ఒక్కసారి దూరితే ఆ పాదాలు ఎవరు పట్టుకుంటారు? ఎవరు పట్టుకోనిస్తారు? నా భయం ఇది. ద్వేషం కాదు.

రెండోది, ‘ఇష్టపడి’ అన్నారు. సైన్యంలో ఆ మాట అంత తేలిక కాదు. ఒక జవాను సెలవు, ప్రమోషన్, ఎండలో నిలబెట్టడం, నీడలో కూర్చోబెట్టడం అన్నీ పైవాడి చేతిలో ఉంటాయి. పైవాడు అడిగితే కిందివాడు ‘సరే సాబ్’ అంటాడు. దాన్ని ఇష్టం అంటారా? చట్టంలో ఒక భయం ఉండబట్టి కొందరు కుర్రవాళ్లు క్షేమంగా ఉన్నారు. ఆ కంచె తీసేముందు ఆలోచించండి.

ఫౌజీ ఇల్లాలు | సోమవారం, ఉదయం 6.55

సుబేదార్ గారి మాటల్లో నిజాయితీ ఉంది, కానీ ఆయన బ్యారక్ వరకే చూశారు. నేను క్వార్టర్స్ వైపు నుంచి చెబుతాను.

పెళ్లయి పదకొండేళ్లు. మా ఆయన ఈశాన్యంలో ఉంటే నేను పిల్లలతో సికింద్రాబాద్‌లో ఉంటాను. కొన్నేళ్ల క్రితం ఇంకో ఊళ్లో మా పక్క క్వార్టర్‌లో ఒక అమ్మాయి ఉండేది. భర్త నెమ్మదస్తుడు, చెయ్యెత్తిన మనిషి కాదు, తాగడు. సెలవు వస్తే మాత్రం ఇంటికి రాడు. వచ్చినా ముందుగదిలో పడుకుంటాడు. ఆ అమ్మాయి తనలోనే లోపం ఉందనుకుని మొక్కని దేవుడు లేడు, ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు. మూడేళ్ల తర్వాత అతనే చెప్పాడు. ముప్పై దాటినా పెళ్లి కాలేదేమని యూనిట్‌లో, ఇంట్లో అడుగుతుంటే తట్టుకోలేక చేసుకున్నానని ఏడ్చాడట. ఆ అమ్మాయి నా వంటింటి గడప మీద కూర్చుని, చేతిలో పాలగిన్నె పట్టుకుని, “అక్కా, నేను అతన్ని తిట్టలేకపోతున్నాను, నన్ను నేను ఓదార్చుకోలేకపోతున్నాను” అంది. పాలు చల్లారిపోయేదాకా అలాగే కూర్చుంది.

భయం కంచె అన్నారు సుబేదార్ గారు. ఆ కంచె అవతల ఇలాంటి ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారో ఎవరైనా లెక్కపెట్టారా?

ఇంకొకటి గుర్తు చేస్తాను. ఆడ అధికారులకు శాశ్వత కమిషన్, అంటే రిటైరయ్యేదాకా కొనసాగే ఉద్యోగం, ఇవ్వాలన్న కేసులో ప్రభుత్వం సుప్రీంకోర్టుకు ఏమని రాసిచ్చింది? జవాన్లు ఎక్కువగా పల్లెల నుంచి వచ్చినవారని, ఆడవాళ్ల ఆజ్ఞలకు లోబడేందుకు వాళ్ల మనసులు ఇంకా సిద్ధంగా లేవని. 2020 ఫిబ్రవరి 17న కోర్టు ఆ వాదనను కొట్టేసింది. ఈ రోజు ఆడవాళ్లు కర్నల్ హోదాలో యూనిట్లు నడుపుతున్నారు. పల్లె జవాన్లు సెల్యూట్ చేస్తూనే ఉన్నారు. మా పల్లె మనుషుల మనసులు ఇరుకైనవని ఢిల్లీలో కూర్చుని ఎవరో నిర్ణయిస్తే నాకు కోపం వస్తుంది.

రక్షణ విద్యార్థి | సోమవారం, మధ్యాహ్నం 1.20

రక్షణ అధ్యయనాల్లో పరిశోధన చేస్తున్నాను. నేను సుబేదార్ గారి పక్షం. అయితే నా కారణాలు వేరు.

ఆడ అధికారులతో పోలిక సరిపోదు. 1992లో అమెరికాలో ఈ చర్చ లేచినప్పుడు నల్లవారిని సైన్యంలో కలిపినట్టే వీరినీ కలపాలని వాదించారు. దానికి జవాబిచ్చింది కాలిన్ పవెల్, అప్పటి వారి సంయుక్త సైన్యాధిపతుల అధ్యక్షుడు, స్వయంగా నల్లజాతివాడు. చర్మం రంగు ప్రవర్తన కాదు, లైంగికత ప్రవర్తనకు సంబంధించినది, రెండింటినీ ఒక గాటన కట్టవద్దన్నాడు. ఆ తేడా ఈనాటికీ చెల్లుతుందని నా నమ్మకం.

దక్షిణ కొరియాను చూడండి. పాశ్చాత్య దేశాల కన్నా మనకు దగ్గరి పోలిక. నెత్తిన శత్రువు, సంప్రదాయ సమాజం. వారి సైనిక శిక్షాస్మృతిలో పురుషుల మధ్య ఇటువంటి సంబంధానికి రెండేళ్ల వరకు శిక్ష ఉంది. వారి రాజ్యాంగ న్యాయస్థానం 2023లో కూడా దాన్ని నిలబెట్టింది. మన సుప్రీంకోర్టు సైతం 2023 జనవరిలో, వివాహేతర సంబంధం నేరం కాదన్న తన పాత తీర్పు సైనిక చట్టాలకు అడ్డు కాదని స్పష్టం చేసింది. అంటే పౌరుడికి ఒక కొలత, సైనికుడికి ఇంకో కొలత ఉండవచ్చని కోర్టే ఒప్పుకుంది. సైనికుల ప్రాథమిక హక్కులను కుదించే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చే రాజ్యాంగంలోని 33వ అధికరణం ఉన్నది అందుకే. సైన్యం ఉన్నది యుద్ధం గెలవడానికి. మిగిలిన లక్ష్యాలన్నీ దాని తర్వాతే.

శాన్ డియాగో తెలుగు | సోమవారం, రాత్రి 11.05

పవెల్ పేరు వచ్చింది కాబట్టి మిగతా సగం కథ చెప్పకుండా ఉండలేను. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను. ఇది నౌకాదళం ఊరు. మా అబ్బాయి ఆ దళంలో ఆరేళ్లు చేశాడు.

స్వలింగ ప్రేమికులు సైన్యంలో ఉండరాదన్న నిషేధం ఇక్కడ ఉండేది. 1992 ఎన్నికల్లో దాన్ని ఎత్తేస్తానని క్లింటన్ మాట ఇచ్చాడు. గెలిచి కుర్చీ ఎక్కీ ఎక్కగానే సేనాధిపతులందరూ అడ్డం తిరిగారు. సెనేట్ సాయుధ దళాల కమిటీ అధ్యక్షుడు శామ్ నన్ ఆయన సొంత పార్టీవాడే. 1993 మేలో నార్‌ఫోక్ రేవులో జలాంతర్గామిలోకి దిగి, ఒకదానిపై ఒకటి అరల్లా పేర్చిన పడకల మధ్య నిలబడి, ఇంత ఇరుకులో మీకు ఇష్టమేనా అని నావికులను అడిగాడు. ఆ ఫొటోలు దేశమంతా చూసింది. సుబేదార్ గారి బ్యారక్ వాదన అక్షరాలా అదే. చివరికి రాజీ కుదిరింది. పైవాళ్లు అడగరు, నువ్వు చెప్పకు. చెప్పావా, ఇంటికి పో. ఆ ఏడాది నవంబరులో అది చట్టమైంది.

ఇది మధ్యేమార్గమని అప్పట్లో చాలామంది అనుకున్నారు. నేనూ అనుకున్నాను. జరిగిందేమిటంటే, ఆ చట్టం ఉన్న కాలంలో 13,000 మందికి పైగా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఇరాక్‌లో యుద్ధం నడుస్తూ అరబిక్ తెలిసినవాడి కోసం దేశమంతా వెతుకుతున్న రోజుల్లో, అరబిక్ నేర్పించిన సైనికులనే డజన్ల కొద్దీ బయటికి పంపారు. ‘యుద్ధం గెలవడమే లక్ష్యం’ అన్న తమ్ముడు ఈ ఒక్క విషయం గురించి ఆలోచించాలి. 1999లో కెంటకీలోని సైనిక స్థావరంలో ఒక కుర్రాడిని తోటి సైనికుడే నిద్రలో బేస్‌బాల్ కర్రతో కొట్టి చంపాడు. నెలల తరబడి అతన్ని ఏడిపించారు. అతను ఫిర్యాదు చేయాలంటే తన సంగతి బయటపెట్టుకోవాలి. బయటపెడితే పోయేది అతని ఉద్యోగమే. నోరు మూయించే చట్టం ఎవరికి కంచె అయిందో చూడండి.

2010 ఫిబ్రవరిలో, ఒకప్పుడు పవెల్ కూర్చున్న కుర్చీలో ఉన్న అడ్మిరల్ మైక్ ముల్లెన్ సెనేట్ ముందు చెప్పాడు: తోటి పౌరులను కాపాడటానికి నిలబడిన కుర్రవాళ్ల చేత, తామెవరో అబద్ధం చెప్పించే విధానం తనను కలచివేస్తోందని. ఆ నెలలోనే పవెల్ కూడా కాలం మారిందని, ఆ చట్టాన్ని తీసేయడానికి తన మద్దతు ఉందని ప్రకటించాడు. ఆ ఏడాది రక్షణ శాఖ సైనికులనే అడిగింది. సుమారు 1,15,000 మంది జవాబిచ్చారు. నూటికి డెబ్బై మంది, చట్టం తీసేసినా తమ యూనిట్‌కు నష్టం లేదనో, మంచీ చెడూ సమానంగా ఉంటాయనో, మేలే జరుగుతుందనో అన్నారు. ఒక మాట దాచకుండా చెబుతాను: ముందువరసలో పోరాడే విభాగాల్లో, ముఖ్యంగా మెరైన్లలో, వ్యతిరేకత చాలా ఎక్కువగా ఉంది. వారి అధిపతి జనరల్ ఏమోస్ వద్దనే వాదించాడు. చట్టం పోయి కొద్ది వారాలయ్యాక, అనుకున్న ఇబ్బందేమీ రాలేదని ఒప్పుకున్నదీ ఆయనే.

2011 సెప్టెంబరు 20న ఆ చట్టం పోయింది. ఆ వారం మా అబ్బాయి ఫోను చేస్తే ఆత్రంగా అడిగాను, ఓడలో ఏం జరిగిందిరా అని. “ఏమీ జరగలేదు నాన్నా. ముందే ఒక పూట క్లాసు చెప్పారు. ఇవాళ ఎప్పటిలాగే డెక్‌కు రంగు వేశాం” అన్నాడు. కాసేపాగి, తనతో రెండేళ్లుగా ఒకే గదిలో ఉన్న స్నేహితుడు ఆ రోజు మధ్యాహ్నం భోజనం దగ్గర తన సంగతి చెప్పాడని, తనకు అంతకుముందే తెలుసని, తెలిసినట్టు ఇద్దరూ బయటపడలేదని చెప్పాడు.

గొడవ ముగిసిపోయిందని మాత్రం అనను. 2025లో లింగమార్పిడి చేసుకున్న వారిని సైన్యం నుంచి తీసేసే ఆదేశాలు వచ్చాయి. అవే వాదనలు, మనుషులే మారారు.

న్యాయవాది, సికింద్రాబాద్ | మంగళవారం, ఉదయం 8.30

సైనికుల ఉద్యోగ కేసులు చూస్తుంటాను. మన రెండు రాష్ట్రాలవి సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై ధర్మాసనం కిందికి వస్తాయి. కొన్ని విషయాలు సరిచేయాలి.

ఒకటి, విద్యార్థి మిత్రుడు ఉదహరించిన 2023 జనవరి ఉత్తర్వు వివాహేతర సంబంధాల గురించి. అక్కడ మోసపోయిన భార్యో భర్తో ఉంటారు. తోటి సైనికుడి కాపురం కూలితే యూనిట్ నిలవదన్నది ప్రభుత్వ వాదన. ఇద్దరు అవివాహితులు సెలవులో, సొంత ఊళ్లో, ఎవరికీ హాని లేకుండా కలిసి ఉంటే దానికి ఈ ఉత్తర్వును అతికించలేం. కొరియా గురించి కూడా సగమే చెప్పారు. 2022 ఏప్రిల్‌లో వారి సుప్రీంకోర్టు, విధుల్లో లేనప్పుడు, స్థావరం బయట, ఇష్టపడి కలిసినవారికి ఆ సెక్షన్ వర్తించదని తీర్పిచ్చింది. పోలిక కావాలంటే ఇజ్రాయెల్‌ను కూడా తీసుకోవాలి. చుట్టూ శత్రువులే, చాలా ఇళ్ల నుంచి పిల్లలు సైన్యానికి వెళ్లాల్సిందే. 1993లోనే అక్కడ ఆంక్షలు తొలగించారు.

రెండు, ఇది ముఖ్యం. కోర్ట్ మార్షల్ అన్నది అందరికీ కనిపించేది. మనిషికి వకీలు ఉంటాడు, సాక్ష్యం కావాలి, అప్పీలు ఉంటుంది. నిశ్శబ్దంగా జరిగేవి వేరు. ‘సేవలు ఇక అవసరం లేదు’ అనే ఒక్క వాక్యంతో డిశ్చార్జ్ చేయవచ్చు. 2017లో విశాఖపట్నం నౌకాదళ స్థావరంలో ఏడేళ్ల సర్వీసు ఉన్న ఒక నావికుడు సెలవులో శస్త్రచికిత్స చేయించుకుని స్త్రీగా మారితే, నౌకాదళం ఆమెను ఆ వాక్యంతోనే బయటికి పంపింది. ఆమె ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టారు. అది లింగ గుర్తింపుకు సంబంధించినది, మన చర్చకు పూర్తిగా సరిపడదు. కానీ తలుపు ఎంత మెత్తగా మూసుకుంటుందో దాన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

మూడు, మన సైనిక చట్టానికి తల్లివేరు బ్రిటిష్ చట్టమే. ఆ బ్రిటన్‌లో 1999 సెప్టెంబరులో, స్వలింగ ప్రేమికులని సాయుధ దళాల ఉద్యోగాల నుంచి తీసేసిన నలుగురు, యూరోపు మానవ హక్కుల న్యాయస్థానంలో గెలిచారు. సైనిక పోలీసులు వారి పడకగది సంగతులు గుచ్చి గుచ్చి అడిగిన తీరును ఆ కోర్టు తప్పుబట్టింది. 2000 జనవరి 12న నిషేధం ఎత్తేశారు. 2023 జూలైలో ప్రధాని రిషి సునాక్ పార్లమెంటులో నిలబడి క్షమాపణ చెప్పారు. పతకాలు ఊడదీసుకున్నవారికి తిరిగి ఇస్తున్నారు. ఎవరి మాట అరువు తెచ్చుకున్నామో వాళ్లే ఆ మాటకు తల వంచారు, మనం మాత్రం దాన్ని మన సంప్రదాయమని గుండెలకు హత్తుకుంటున్నాం.

మాజీ సుబేదార్ | మంగళవారం, రాత్రి 9.15

అందరివీ రెండేసి సార్లు చదివాను. వకీలు గారు చెప్పిన నిశ్శబ్దపు డిశ్చార్జ్ నిజం. నేను ఒకటి చూశాను కాబట్టి కాదనలేను. మంచి గన్ లేయర్. గురి కుదర్చడంలో అతని తర్వాతే ఎవరైనా. ఒక ఉదయం మంచం ఖాళీగా ఉంది, పరుపు చుట్టి తాడు కట్టి ఉంది. ‘ఇంటి సమస్యలు’ అన్నారు. మేమెవరం అడగలేదు. అతను స్టేషన్‌కు వెళ్లేటప్పుడు పెట్టె మోయడానికి కూడా ఎవరూ వెళ్లలేదు. అది తప్పు. మేము చేసిన తప్పు.

కానీ నా మొదటి ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. అమెరికా సంగతి చెప్పారు, ఇజ్రాయెల్ సంగతి చెప్పారు. ఆ మంచు గుడారం సంగతి ఎవరూ చెప్పలేదు. పైవాడి చేతిలో నలిగే జవాను గురించి కూడా ‘వేధిస్తే శిక్షించండి’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అలా ఫిర్యాదు చేసిన జవానును ఎవరు నమ్ముతారు? నాకు అనుభవం ఉండి అడుగుతున్నాను.

పేరు చెప్పను | బుధవారం, తెల్లవారుజాము 2.48

సుబేదార్ సాబ్, మీ ప్రశ్నకు నేను జవాబిస్తాను. మూడు రోజులుగా రాసి చెరిపేస్తున్నాను.

సిగ్నల్స్‌లో, అంటే సైన్యం సమాచార విభాగంలో, 17 ఏళ్లు చేసి హవల్దార్‌గా బయటికి వచ్చాను. మీరు వెతుకుతున్న మనిషిని నేనే.

మీరున్న ఎత్తు కాదు గానీ నేనూ మంచులో ఉన్నాను. నేనూ ఒకడి పాదాలు పొట్టకు ఆనించుకున్నాను. ఎడమకాలి మూడు వేళ్లు తెల్లబడి, కొసలు నల్లగా తిరుగుతున్నాయి. వాడు పళ్లు కొరుక్కుంటూ వాళ్ల అమ్మను తిడుతున్నాడు, ఎందుకు కన్నావని. సాబ్, ఆ గంటలో నా మనసులో ఉన్నది ఒక్కటే: వేళ్లు నిలుస్తాయా, నిలవవా. మీ మనసులో ఏముందో నా మనసులోనూ అదే. రెండు నిలిచాయి. ఇప్పటికీ ప్రతి సంక్రాంతికి వాడు ఫోను చేస్తాడు. నా సంగతి వాడికి తెలియదు. తెలిస్తే ఆ గంట వాడి జ్ఞాపకంలో ఏమైపోతుందోనని నాకూ భయమే. మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ అనుమానాన్ని గుడారంలోకి తెచ్చేది నేను కాదు. నన్ను ‘అసహజం’ అని రాసిపెట్టుకున్న ఆ కాగితం తెస్తుంది.

నేను టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసేవాడిని. నా మనిషి నంబరును ఫోనులో ఒక ఆడపేరుతో దాచుకున్నాను. బ్యారక్‌లో అందరూ పెళ్లాల గురించి మాట్లాడుకుంటుంటే నేనూ ఆ పేరుతో ఒక మేనమామ కూతురిని సృష్టించాను. ఫొటో చూపించమంటే చెల్లెలి పెళ్లి ఫొటోలో వెనక నిలబడ్డ ఎవరో అమ్మాయిని చూపించాను. ఆ అమ్మాయికి ఇప్పటికీ నేను మనసులో క్షమాపణ చెప్పుకుంటాను.

అతనికి రోడ్డు ప్రమాదం జరిగింది. తలకు దెబ్బ. సెలవు దరఖాస్తులో రోగికీ నీకూ ఏమి చుట్టరికమో రాయాలి. తండ్రి, తల్లి, భార్య, బిడ్డ అయితే అదే రాత్రి పంపిస్తారు. నేను ‘మామయ్య’ అని రాశాను. మామయ్యకు సెలవు ఇవ్వరు, మనుషులు తక్కువగా ఉన్నారన్నారు. అందులో వాళ్ల తప్పు లేదు. ఆ రాత్రి ఎక్స్‌ఛేంజిలో డ్యూటీ నాదే. చెవికి హెడ్‌సెట్ పెట్టుకుని తెల్లారేదాకా అందరికీ ఇళ్లకు కాల్స్ కలిపాను. హలో అమ్మా, హలో బాబూ, హలో ఏమే. పదకొండు రోజులు అలాగే. అతను బతికాడు. ఆ పదకొండు రోజులు నేను రానందుకు మాత్రం నన్ను క్షమించలేదు. అతని స్థానంలో ఉంటే నేనూ క్షమించేవాడిని కాదు.

ఇంకొకటి, ఇది దేశ భద్రతకు సంబంధించింది కాబట్టి చెబుతున్నాను. ఒకడు నా ఫోనులో సందేశాలు చూశాడు. రెండేళ్లపాటు వాడికి నెలనెలా డబ్బు ఇచ్చాను. వాడు డబ్బుతో సరిపెట్టుకున్నాడు. ఎక్స్‌ఛేంజిలో కూర్చున్నవాడి గుట్టు బయటివాడి చేతికి చిక్కి ఉంటే ఏమి అడిగేవాడో ఆలోచించండి. నేను ఇచ్చేవాడిని కాదు, చచ్చిపోయేవాడిని. కానీ నన్ను ఆ దారికి నెట్టే తాళంచెవి ఆ చట్టంలో ఉంది. దాచాల్సిన అవసరం లేనివాడిని ఎవరూ బెదిరించలేరు.

ఫిర్యాదు చేసిన జవానును ఎవరు నమ్ముతారని అడిగారు. నాకు కొత్తలో అలాంటి పైవాడు ఎదురయ్యాడు సాబ్. అతనికి పెళ్లాం, ఇద్దరు పిల్లలు. నేను కాదన్నాను. ఫిర్యాదు చేయలేదు. చేస్తే మొదటి ప్రశ్న నన్నే అడుగుతారు: ‘నిన్నే ఎందుకు?’ అని. మీరు చెప్పే ఆ కంచె ఆ రోజు అతని పక్కనే నిలబడింది.

గోదావరి గట్టు | బుధవారం, ఉదయం 7.30

అన్నా, చదివాను. క్లాసుకు వెళ్లే ముందు ఒక్క మాట: మీరు రాసినందుకు కృతజ్ఞుణ్ణి. దీని మీద ఎవరైనా నీచంగా రాస్తే ఈ చర్చ మొదలుపెట్టినవాడిగా తొలగించమని నిర్వాహకులను కోరతాను.

రక్షణ విద్యార్థి | బుధవారం, మధ్యాహ్నం 2.10

బెదిరింపుల వాదనకు నా దగ్గర సమాధానం లేదు. పాత పాశ్చాత్య పత్రాల్లో ‘భద్రతకు ముప్పు’ అని రాసిన చోటల్లా ముప్పు మనిషి వల్ల అనే చదివాను. దాచడం వల్ల అని ఆలోచించలేదు. గదులు, కుటుంబ పింఛను, క్వార్టర్స్ ఎవరికి ఇస్తారన్న ప్రశ్నలు మాత్రం అలాగే ఉన్నాయి. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు స్వలింగ వివాహాన్ని హక్కుగా గుర్తించలేదు కాబట్టి, 46వ సెక్షన్ నుంచి ఆ మాట తీసేసినా హవల్దార్ గారి సెలవు దరఖాస్తులో ‘చుట్టరికం’ గడి ఖాళీగానే ఉంటుంది.

మాజీ సుబేదార్ | బుధవారం, రాత్రి 8.50

హవల్దార్, నీ జవాబు చేరింది. ఉదయం నుంచి నాకు ఏ పనీ తోచలేదు.

బ్యారక్ విషయంలో నా మనసు పూర్తిగా సర్దుకోలేదు. సర్దుకుందని రాస్తే అబద్ధం అవుతుంది. కానీ ఆ మాట చట్టం నుంచి తీసేయమని మాస్టారు ఎక్కడైనా కాగితం పెడితే నా సంతకం ఉంటుంది. పైవాడు కిందివాడి మీద చేయివేస్తే మాత్రం, వాడు ఎవరైనా సరే, ఇప్పటి కన్నా రెట్టింపు శిక్ష ఉండాలని కూడా అందులో రాయండి. నాకు తెలిసిన ఆ గన్ లేయర్‌ది శ్రీకాకుళం వైపు. వెతుకుతాను.

కొత్త సభ్యుడు | గురువారం, రాత్రి 11.58

నాకు 19 ఏళ్లు. అగ్నివీర్ ర్యాలీకి తయారవుతున్నాను. మా నాన్న కూలి పని చేస్తారు. చిన్నప్పటి నుంచి నాకు యూనిఫాం తప్ప వేరే కోరిక లేదు. నేను కూడా హవల్దార్ గారి లాంటివాడినే. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను. వెళ్లవచ్చా? వెళ్తే చెప్పాలా, వద్దా?

న్యాయవాది, సికింద్రాబాద్ | శుక్రవారం, ఉదయం 6.20

బాబూ, నీ మనసులో ఉన్నది ఏ చట్టంలోనూ నేరం కాదు. చేరకూడదని రాసిన సెక్షన్ లేదు. నువ్వు వెళ్లవచ్చు. ఏ కాగితం మీద సంతకం పెట్టేముందైనా అనుమానం వస్తే ఇక్కడ అడుగు, రుసుము లేదు.

పేరు చెప్పను | శుక్రవారం, ఉదయం 6.45

తమ్ముడూ, నన్ను ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. ఆ పదిహేడేళ్లలో యూనిఫాం వేసుకున్న ఏ ఉదయం కూడా నాకు బరువనిపించలేదు. రాత్రులే బరువు. చెప్పమని నీకు నేను చెప్పలేను. చెప్పవద్దు అనడానికి నాకు నోరు రావడం లేదు. ఒక్క మనిషిని మాత్రం ఉంచుకో, సైన్యం బయట, నీ సంగతి తెలిసినవాడిని. నాకు ఆ ఒక్కడూ లేకపోయాడు.

మాజీ సుబేదార్ | శుక్రవారం, ఉదయం 7.05

1,600 మీటర్లు ఎంతలో పరుగెత్తుతున్నావు? 5 నిమిషాల 30 సెకన్ల లోపు వస్తే పూర్తి మార్కులు. మొదటి రౌండులోనే దమ్ము మొత్తం పెట్టేయకు, మా వైపు పిల్లలు అందరూ చేసే పొరపాటు అదే. మూడో రౌండు వరకు ముందువాడి భుజం వెనకే ఉండు. బీమ్ మీద పది పుల్-అప్స్ తీయాలి, రోజూ పొద్దున రెండు చొప్పున పెంచుకుంటూ పో. బూట్లు కొత్తవి వేసుకుని వెళ్లకు, నెల ముందు నుంచే వాడు. ర్యాలీ తేదీ వచ్చాక ఇక్కడ రాయి.